మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు: పట్టణముల మంచినీరు

వేసవిలో నది సన్నగిల్లినపుడు ఇసుకలో చెలమ త్రవ్వుట ఏటియొడ్డు పల్లెల వారికి ఎవరును నేర్పనక్కరలేని విద్య. ధర్మపురి చెంత గోదావరి యిసుకలోనైనను, సిరిసిల్ల చెంత మానేటి తిన్నెలలోనైనను మూరెడు లోతు త్రవ్వినచో అడుగున నీరూరును. మొదటి దోసిళ్ళు బురదగా నుండును. వానిని తోడి పారబోసి కొంత తడవు వేచియున్నచో తేటనీరు నిలుచును. పైన పారు నీటికంటె ఈ చెలమనీరే త్రాగుటకు మేలని బిందె పట్టుకొని వెళ్ళు స్త్రీలందరు నెరుగుదురు. జగిత్యాల జిల్లాలోని బుగ్గారమను ఊరి పేరిలోనే ఊట యను అర్థమునిచ్చు బుగ్గ యనుమాట వినవచ్చుచున్నది. నేల తనంతట తాను నీటిని వడపోసి యిచ్చును. దానిని పట్టుకొను యుక్తియు, పదిమందికి పంచు తీరును మనుష్యులు కనుగొనవలసియుండును.

ఈ సామాన్య జ్ఞానమును ఒక పట్టణమునకు సరిపడునంతగా పెంచి, ఆ పట్టణమును అప్పులపాలు చేయకుండ దానికి మంచినీరిచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. ఆయన పేరు చెప్పగానే కృష్ణరాజసాగరమును, భద్రావతి యినుప కర్మాగారమును, తలపాగాతో నిటారుగా నిలిచిన విగ్రహములును మనసునకు వచ్చును. సింధుదేశమున సక్కరు పట్టణములో త్రవ్వించిన బావి సంగతి ఎవరికిని తోచదు. అయినను ఆయన తరువాత చేసిన పనులలో పెక్కింటికి మొలక ఆ బావిలోనే కనబడుచున్నది.

విశ్వేశ్వరయ్యగారు 1861వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన మైసూరు సంస్థానమున చిక్కబళ్ళాపురము సమీపమందలి ముద్దేనహళ్ళిలో జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మగారు. ఇంటిపేరైన మోక్షగుండము గిద్దలూరు సమీపమందలి తెలుగు గ్రామము. పూర్వులు అచ్చటినుండి మైసూరు సీమకు తరలిపోయిరి. తెలుగు ఆ యింటి భాషగా నిలిచెను. బాల్యముననే తండ్రి గతించుటచే చదువు కష్టమయ్యెను. మేనమామ యండతో బెంగుళూరు చేరి, కలిగినవారి పిల్లలకు పాఠములు చెప్పి పొట్ట పోసికొనుచు సెంట్రల్ కళాశాలలో చదివిరి. 1881లో బి.ఏ. పట్టము వచ్చెను. పిదప మైసూరు ప్రభుత్వమిచ్చిన విద్యార్థి వేతనముతో పూనా విజ్ఞాన కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1883 పరీక్షలో ప్రథములుగా నిలిచిరి. పరుల ధనముతో చదువుకొన్నవాడు ఆ ధనమునకు లెక్క చెప్పవలసియుండునను ఎరుక ఆయనకు ఈ దినములలోనే కలిగినట్లు తోచును. ఎచ్చట ఏ పని చేసినను, ఎంత వ్యయమైనది, ఎంత ఫలము వచ్చినదని పద్దు వ్రాసి చూచుకొను అలవాటు కడవరకు ఆయనను విడువలేదు.

1884లో బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖలో సహాయ ఇంజనీరుగా చేరిరి. ఖాందేశములో ధూలియా సమీపమున పాంఝరా నదిని దాటించి నీటిని కొనిపోవు గొట్టపు కాలువ నిర్మాణము తొలి పనులలో నొకటి. వానలు బలముగా కురియుచుండగా పని కొంతకాలము నిలుపుద మనుకొనిరి గాని పైయధికారి సమ్మతింపలేదు. మరల పూనుకొని దానిని ముగించిరి. పదియేండ్లు ఇట్లు గడచెను.

ఆనాటి పురపాలక సంఘముల స్థితి ఎట్లుండెనో తెలిసినగాని సక్కరు కథ యొక్క రుచి తెలియదు. 1882లో రిప్పన్ ప్రభువు చేసిన తీర్మానముతో స్థానిక స్వపరిపాలనకు మనదేశమున దారి యేర్పడెను. వీధులు, దీపములు, పారిశుద్ధ్యము, మంచినీరు మొదలగు బాధ్యతలు ఊరి పెద్దలకు అప్పగింపబడెను. బాధ్యతలు వచ్చినంత త్వరగా ధనము రాలేదు. చిన్న పట్టణములకు ఇండ్లపన్నును, ఊరిలోనికి వచ్చు సరకులపై సుంకమును తప్ప వేరు ఆదాయము అంతగా లేకుండెను. మంచినీటి కర్మాగారము కావలెనన్నచో ఇంజనీర్లు ఇంగ్లండులోని పెద్ద నగరముల నమూనాలను తీసికొని పటములు గీయుదురు. నీరు తేరుకొనుటకు పెద్ద తొట్లు, వడపోతకు ఇసుక పరచిన విశాలమైన మడుగులు, వానిని శుభ్రపరచుటకు మనుష్యులు, యంత్రములు, విడిభాగములు. అంచనా చూచి సభ్యులు గుండె పట్టుకొందురు. కాగితములు బీరువా చేరును. ఊరు మరల ఏటినీటినే త్రాగును.

అట్లు త్రాగుటలో నున్న ప్రమాదము అప్పటికే లోకమునకు తెలిసియుండెను. 1854లో లండనులో జాన్ స్నో అను వైద్యుడు కలరా త్రాగునీటి వలన వ్యాపించుచున్నదని చూపెను. 1892లో జర్మనీయందలి హాంబర్గు నగరమున కలరా చెలరేగి ఎనిమిదివేలకు మించిన జనులను బలిగొనెను. దాని పొరుగుననే ఆల్టోనా పట్టణము కలదు. ఈ రెండును ఒకే ఎల్బే నది నీటిని త్రాగునవి. ఆల్టోనావారు నీటిని ఇసుకలో వడపోసికొనిరి, హాంబర్గువారు వడపోయలేదు. వీధి కీవల నున్నవారు చనిపోవుచుండగా ఆవల నున్నవారు చాలవరకు సురక్షితముగా నుండిరి. ఇసుక చేయు మేలునకు ఇంతకంటె గొప్ప నిదర్శనము అక్కరలేదు. కాని ఆ యిసుక మడుగులను కట్టుటకు చిన్న పట్టణములకు డబ్బెక్కడిది?

హాంబర్గు సంగతి జరిగిన కొలదికాలమునకే విశ్వేశ్వరయ్యగారు సక్కరు పోవలసి వచ్చెను. నేడది పాకిస్తానమునకు చెందిన పట్టణము. ఆనాడు బొంబాయి రాజధానిలోని భాగము. సింధునది పడమటి గట్టున సక్కరు, తూర్పు గట్టున రోహ్రీ, నడుమ బుక్కూరు దీవి. 1889లో లాన్స్‌డౌన్ వంతెన తెరచుటతో అది రైలుదారికి ముఖ్యస్థానమయ్యెను. ఎండ విపరీతము, వాన స్వల్పము. ఊరికి నీటి కరవు లేదు. ముంగిటనే మహానది పారుచుండెను. అయితే వరదకాలమున సింధునది నీరు చిక్కని బురదగా నుండును. దానిని పంపులతో ఎక్కించి ఊరికి పంచుట కష్టము కాదు, త్రాగదగినట్లు చేయుటయే కష్టము. వడపోత మడుగుల వ్యయము భరింపగల శక్తి పురపాలక సంఘమునకు లేకుండెను. ప్రభుత్వము వారు విశ్వేశ్వరయ్యగారి సేవలను ఆ సంఘమునకు ఎరువిచ్చిరి.

ఆయన నదిగట్టునకు సమీపమున ఇసుకనేలలో ఒక బావి దింపించిరి. నదినీరు నేరుగా దానిలోనికి రాదు. నదికిని బావికిని నడుమనున్న ఇసుకలోగుండ మెల్లగా చెమర్చి రావలెను. వచ్చునపుడు బురద ఇసుక రేణువుల నడుమ చిక్కుకొని ఆగిపోవును, తేటనీరు బావిని చేరును. పెద్ద చెలమ యనవచ్చును. అయితే చెలమలో ఊరు నీరు ఒక యింటికి చాలును గాని పట్టణమునకు చాలదు. నీరు ఎక్కువగా రావలెనన్నచో ఇసుకకు బావి తగులు వైశాల్యము పెరగవలెను. అందులకై బావి యడుగునుండి నదీగర్భము క్రిందికి ఒక సొరంగము త్రవ్వించిరి. అది చేయి చాచినట్లు నది క్రిందకు పోయి, మరింత ఇసుకనుండి ఊటను లాగికొనెను. బావిలో చేరిన నీటిని పంపులు దగ్గరనున్న కొండమీదికి ఎక్కించును. అచ్చటినుండి గొట్టముల ద్వారా తన బరువుతో తానే ఊరిలోనికి దిగును.

ఈ యేర్పాటులో వింత యంత్రమేదియు లేదు. నది తానే వడపోత మడుగై పనిచేసెను. ఏటేట వచ్చు వరద పైనున్న మేటను కొంత కొట్టుకొనిపోవును గనుక ఇసుకను కడుగు కూలియు చాలవరకు తప్పును. కట్టునాటి వ్యయము ఒకసారి వచ్చిపోవునది. ఆ తరువాత బొగ్గు, మిస్త్రీల జీతములు, పగిలిన గొట్టముల మరమ్మతు ఏండ్ల తరబడి ఊరి మెడకు పడును. చిన్న పట్టణముల నీటి యేర్పాటులు చాలవరకు చెడునది ఈ రెండవ వ్యయము వద్దనే. ప్రారంభోత్సవము నాడు కుళాయిలు ధారగా పారును, మూడేండ్లకు పంపు మూలుగును, అయిదవయేట మరల బిందెలు ఏటిదారి పట్టును. ఏటా భరింపవలసినది తక్కువగానుండు పద్ధతిని ఎన్నుకొనుటయే సక్కరులో జరిగిన అసలైన సంస్కరణము. 1895లో బొంబాయి గవర్నరు శాండ్‌హర్స్ట్ ప్రభువు ఆ నీటి కర్మాగారమును ప్రారంభించెను. అప్పటికి విశ్వేశ్వరయ్యగారికి ముప్పది నాలుగేండ్లు.

అచ్చటినుండి కొంతకాలము సూరతులో పనిచేసి పూనా చేరిరి. 1898లో జపాను చూచివచ్చిరి. 1899లో పూనా సాగునీటి శాఖ బాధ్యత చేతికి వచ్చెను. కాలువ నీరు ఎగువ రైతులకు పుష్కలముగా, దిగువ వారికి చుక్కచుక్కగా అందుచుండెను. చెరకునకు నీరు నిలువబెట్టి నేలలు చవిటిబారుచుండెను, దోమలు పెరుగుచుండెను. అందుచే నీటిని నిర్ణీతములైన ఖండములకు పంచి, పంటలను మార్చి మార్చి వేయు పద్ధతిని నీరా కాలువపై ప్రవేశపెట్టిరి. దానిని బ్లాకు పద్ధతి యనిరి. అలవాటుపడిన హక్కు పోవునని రైతులు ఎదురు తిరిగిరి. పూనా పత్రికలు విమర్శించెను. ఆయన రైతులను, వారి నాయకులను కలిసికొని లెక్కలు చూపి నచ్చజెప్పిరి. పొలమునకైనను పట్టణమునకైనను నీటిచిక్కు ఒక్కటే. మొదటివాడు కొలత లేకుండ వాడుకొనును, చివరివాడు ఎండును. కొలత ప్రవేశించిన దినమున మొదటివాడు కోపించును. ఈ కోపమును ఓర్చుకొనలేకయే మన పట్టణములలో ఎన్నో ఏర్పాటులు పాడగుచున్నవి.

పూనా నగరమునకు త్రాగునీరిచ్చునదియు, కాలువలకు ఆధారమైనదియు అయిన ఖడక్‌వాస్లా జలాశయమును ఫైఫు చెరువని కూడ పిలుతురు. వానకాలమున దాని అలుగుమీదుగా నీరు వృథాగా పొరలిపోవును, వేసవిలో కొరత పడును. ఆనకట్టను ఎత్తు చేయుట వ్యయముతో కూడినది. విశ్వేశ్వరయ్యగారు అలుగుమీద తమంతట తాము తెరచుకొను తలుపులను అమర్చిరి. నీరు నియమిత మట్టమును దాటగానే ఆ నీటి బలముతోనే తలుపులు తెరచుకొని వరదను వదలును; మట్టము తగ్గగానే మూసికొనును. కావలివాడు నిద్రపోయినను నష్టము లేదు. దీనిచే నీటిమట్టము ఎనిమిదడుగులు పెరిగెను. కట్టకు రాయి పేర్చలేదు, ముంపునకు భయము లేదు. 1903 ప్రాంతమున ఇది పూర్తియయ్యెను. తరువాత గ్వాలియరులోని తిగ్రా ఆనకట్టకును, కృష్ణరాజసాగరమునకును ఇట్టి తలుపులే పెట్టిరి. ఈ నిర్మాణమునకు పేటెంటు పొందిరి గాని, ప్రభుత్వోద్యోగములో నుండి చేసిన పనికి వేరే ప్రతిఫలము తగదని తలచి దానివలన రావలసిన సొమ్మును వలదనిరి. బడులలో పిల్లలకు ఆయన రెండు దీపముల కథ చెప్పుట వాడుక. ప్రభుత్వపు పనికొక దీపము, సొంతపనికొక దీపము వెలిగించెడివారట. ఆ కథ ఎంతవరకు నిజమో ఏమోగాని, పేటెంటు సంగతి మాత్రము నిజము. ఉపాధ్యాయులకు ఇదే ఎక్కువ ఉపకరించును.

1904 ప్రాంతమున బొంబాయి ప్రభుత్వమునకు పారిశుద్ధ్య ఇంజనీరుగా నియమితులైరి. రాజధానిలోని పట్టణముల నీటి పథకములును, మురుగు పథకములును ఆయన బల్లమీదికి వచ్చుచుండెను. సక్కరులో ఒక్క ఊరికి చేసిన ఆలోచనను ఇపుడు పెక్కు ఊళ్ళకు చేయవలసి వచ్చెను. 1906లో ఏడెనుకు పంపబడిరి. అది అరేబియా కొనయందలి ఓడరేవు. చుట్టును నల్లని అగ్నిపర్వత శిలలు, వాన దాదాపు శూన్యము. సముద్రజలమును కాచి ఆవిరి పట్టి త్రాగుచుండిరి, బావులలో ఉప్పునీరు పడుచుండెను. ఆయన పరిసరప్రాంతములు గాలించి, ఉత్తరమున సుమారు పదునెనిమిది మైళ్ళ దూరమున లాహెజు సమీపమున ఒక ఎండిన యేటి యిసుకలోని ఊటను బావులతో పట్టి తెచ్చుట ఉత్తమమని నిర్ణయించిరి. ఎడారియందును ఆయన వెదకినది చెలమయే.

ఇంతటి పని చేసినను పైపదవి అందునను ఆశ లేకుండెను. చీఫ్ ఇంజనీరు స్థానములు ఆ కాలమున దొరలకే దక్కుచుండెను. వయసు నలుబది యేడేండ్లు దాటకమునుపే 1908లో ఆ కొలువు విడువ నిశ్చయించి, విదేశయాత్రకు బయలుదేరిరి. ఇటలీలో నుండగా హైదరాబాదు నిజాము ప్రభుత్వమునుండి తంతివార్త వచ్చెను.

తెలంగాణమున తుగ్యానీ యను మాట వినని పెద్దవారు ఒకప్పుడు లేరు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది హైదరాబాదును ముంచివేసెను. నదికి పైప్రాంతమైన శంషాబాదులో ఇరువది నాలుగు గంటలలో పన్నెండు అంగుళములకు మించిన వాన పడెను. అఫ్జల్‌గంజు, చాదర్‌ఘాటు వంతెనలు దెబ్బతినెను. ఆస్పత్రి తోటలోని చింతచెట్టెక్కి నూటయేబది మంది బ్రతికిరి. ఆ చెట్టు నేటికిని ఉన్నది. మరణించినవారు సుమారు 15,000 మంది యని లెక్కలు చెప్పుచున్నవి. విశ్వేశ్వరయ్యగారు 1909 ఏప్రిలులో హైదరాబాదు చేరిరి. ఆయనకు ఒప్పగించిన పనులు మూడు: నగర పునర్నిర్మాణమునకు సలహా చెప్పుట, మరల వరద రాకుండ మార్గము చూపుట, నగరమునకు సంపూర్ణమైన మురుగుకాలువల పథకము తయారుచేయుట.

మొదట చేసినది లెక్కించుట. మూసీ, ఈసీ నదుల పరీవాహ ప్రాంతములో 788 చెరువులున్నవని తేలెను. చదరపు మైలునకు సుమారు ఒక చెరువు! కాకతీయుల కాలమునుండి మనవారు నేర్చిన గొలుసుకట్టు చెరువుల విద్య ఇది. ఒకదాని అలుగునీరు రెండవదానికి చేరును. మామూలు యేట ఇంతకంటె చక్కని యేర్పాటు లేదు. కాని పై చెరువు తెగినచో ఆ నీరంతయు ఒక్కమారుగా క్రింది చెరువుపై పడును; అది తెగి మరియొకదానిపై పడును. ఆ వరదలో 221 చెరువులు తెగినవి. అందులో 182 ఈసీ వైపునవే. మూసీలో ఆ దినమున సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీరు పారెనని ఆయన లెక్కగట్టిరి. నగరవాసులు దైవకోపమనుకొన్న దానికి ఈ యంకెలతో ఆయన కారణము చూపిరి. కారణము తెలిసిన దానికి ఉపాయము చెప్పవచ్చును.

ఉపాయముగా ఆయన సూచించినవి నగరమునకు ఎగువన రెండు నదులపై రెండు పెద్ద జలాశయములు. వరదను అవి పట్టి మెల్లగా వదలవలెను. నగరములో గట్టులెత్తి, నదీతీరమున తోటలును, నడకదారులును వేయవలెనని కూడ చెప్పిరి. మూసీపై ఉస్మాన్‌సాగరము 1920 నాటికిని, ఈసీపై హిమాయత్‌సాగరము 1927 నాటికిని సిద్ధమయ్యెను. వీనిని కట్టించిన కీర్తిలో సంస్థానపు ఇంజనీర్లకు గొప్ప భాగము కలదు. వారిలో ముఖ్యులైన అలీ నవాజ్ జంగ్ బహదూరుగారే పిదప మంజీరపై నిజాంసాగరమును నిర్మించిరి. ఆయన జీవితము వేరుగా చెప్పదగినది.

ఈ జలాశయములు నగరమునకు త్రాగునీటి నిధులును అయ్యెను. అంతకుమునుపు మీరాలం, హుస్సేన్‌సాగరము చెరువులే నగరమునకు దిక్కు. ఇచ్చట ఒక చిక్కున్నది. వరదను పట్టు జలాశయము వానకాలమున ఖాళీగా నుండవలెను. త్రాగునీటి జలాశయము నిండుగా నుండవలెను. రెండు పనులను ఒకే కట్టతో చేయించుకొనవలెనన్నచో అడుగుభాగమును నిలువకును, పైభాగమును వరదకును విడువవలెను. నీటికి ఆశపడి పైభాగమును నింపుకొన్నచో వరదనాడు కట్ట యున్నను లేనట్లే. 2020 అక్టోబరులో హైదరాబాదున భారీవర్షములు కురిసినపుడు హిమాయత్‌సాగరము తలుపులు తెరచి నీరు విడువవలసి వచ్చినది. ఎప్పుడు ఎంత నింపవలెను, ఎప్పుడు ఎంత వదలవలెనను ప్రశ్న నూరేండ్లకును ముగిసిపోలేదు.

1909 నవంబరులో విశ్వేశ్వరయ్యగారు మైసూరునకు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిరి. 1911లో కృష్ణరాజసాగర నిర్మాణము ప్రారంభమయ్యెను. 1912 మొదలు 1918 వరకు దివానుగా నుండి విశ్వవిద్యాలయము, బ్యాంకు మొదలగు సంస్థలను నెలకొల్పిరి. ఇవి అందరు నెరిగినవే. ఇచ్చట విస్తరింప నక్కరలేదు. కాని ఆ పదవిని విడుచుటకు గల కారణమును దాచుట న్యాయము కాదు. వెనుకబడిన కులములవారికి ఉద్యోగములలో స్థానములు ప్రత్యేకింపవలెనను యత్నము మైసూరులో బలపడెను. విశ్వేశ్వరయ్యగారు యోగ్యత తప్ప వేరు కొలబద్ద లేదని నమ్మిరి, మహారాజుతో భేదించిరి, తొలగిరి. సక్కరు పట్టణము యొక్క పేదరికమును కొలతలో చేర్చుకొని పథకము గీసిన మేధావి, మనుష్యులు బయలుదేరు చోటు అందరికి సమానము కాదను సంగతిని అంతే శ్రద్ధతో లెక్కలో చేర్చుకొనలేదు. తాను విద్యార్థి వేతనముతో చదివినవాడే. గొప్పవారి లెక్కలలోను ఒక్కొక్క అంకె తప్పిపోవుచుండును.

పదవి విడిచిన పిదప ఆయన మరల పట్టణముల వైపు తిరిగిరి. 1924-25లో బొంబాయి నగరపాలక సంఘపు వ్యయమును తగ్గించు మార్గములు వెదకు సంఘమునకు అధ్యక్షులైరి. ముప్పదియేండ్ల క్రిందట ఒక చిన్న ఊరి సంచిని చూచి పథకము వేసిన కన్ను ఇపుడు ఒక మహానగరపు సంచిని చూచెను. బెంగుళూరునకు అర్కావతిపై తిప్పగొండనహళ్ళి జలాశయమును కట్టించు పథకములో ముఖ్యులై, 1930 తరువాతి దశాబ్దములో ఆ నీరు నగరమునకు వచ్చుట చూచిరి.

హైదరాబాదున ఆయనకు అప్పగించిన మూడవ పని మిగిలిపోయెను. వరద భయము కంటికి కనబడునది. దానికి ధనము దొరకెను. త్రాగునీరు అందరు కోరునది. దానికిని దొరకెను. మురుగుకాలువలు నేల క్రింద నుండునవి. వానిని చూచి మెచ్చుకొనువా రుండరు. అందుచే అవి వెనుకబడెను. నీరు ఇండ్లలోనికి ఎక్కువగా వచ్చినకొలది మురుగును ఎక్కువగా బయలుదేరునను సంగతి, బిందెలతో మోసికొన్న కాలపు లెక్కలతో బ్రతుకు సంఘములకు త్వరగా బోధపడదు. నాలుగు బిందెల యిల్లు కుళాయి రాగానే ఇరువది బిందెలు వాడును. ఆ పదునారు బిందెలు ఎక్కడికో పోవలెను కదా. 1922లో నిజాము ప్రభుత్వము మురుగు పథకముకొరకు ఆయనను మరల పిలిపించెను. 1930లోను పిలిపించెను. అప్పటికి ఆయన వయస్సు డెబ్బదికి చేరువ. 1909లో గీసిన పటములను ముందు పెట్టుకొని, వీధి వీధికి వాలు కొలిచి, ప్రధాన కాలువలు ఏ దారిన పోవలెనో, ఇండ్లను వానితో ఎట్లు కలుపవలెనో సలహాలిచ్చిరి. హైదరాబాదు భూగర్భపు మురుగుకాలువలకు పునాది ఈ పథకములే.

కడవరకు పని మానలేదు. 1951లో తమ ఉద్యోగ జీవిత స్మృతులను ఇంగ్లీషులో ప్రకటించిరి. అందులో సొంతసంసారపు ముచ్చట్లు వెదకినను అరుదు. గొట్టములు, కట్టలు, అంచనాలు, ఉత్తరప్రత్యుత్తరములే కనబడును. చదువరికి కొంత విసుగు కలిగించు పుస్తకమేగాని, అంకెల నడుమ నుండి మనిషి తొంగిచూచుచుండును. తొంబదియేండ్లు దాటిన పిదప బీహారులో గంగపై కట్టవలసిన వంతెనకు స్థలము నిర్ణయించుటలో సలహాయిచ్చిరి. 1955లో భారతరత్న బిరుదము వచ్చెను. 1962 ఏప్రిలు 14వ తేదీన బెంగుళూరులో కన్నుమూసిరి. అంత్యక్రియలు జన్మస్థలమైన ముద్దేనహళ్ళిలో జరిగెను.

హైదరాబాదు పెరిగి కోటిజనుల నగరమైనది. మంజీర నీరు, సింగూరు నీరు, కృష్ణ, గోదావరుల నీరు దూరదూరములనుండి పంపులమీద ఎక్కి వచ్చుచున్నవి. గండిపేటయని జనులు పిలుచు ఉస్మాన్‌సాగరము నీరు మాత్రము పంపు లేకయే కాలువ వెంట ఆసిఫ్‌నగరు వడపోత మడుగులకు దిగివచ్చుచున్నది. వాడిన నీటిలో కొంత శుద్ధి కేంద్రములను చేరక, నాలాల వెంట మూసీలోనికి పోవుచునే యున్నది.